మన ఊరి యోగా కేంద్రంలో ఉపాధ్యాయ శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా ఇంట్లోనో, పార్కులోనో, దగ్గర్లోని యోగా కేంద్రంలోనో సాధన చేస్తూ, ఇక ఇతరులకు నేర్పాలన్న కోరిక కలిగినవారి కోసం ఈ ప్రశ్నలను, జవాబులను సిద్ధం చేశాను. ఉపాధ్యాయ శిక్షణ బ్యాచ్ మొదలయ్యే ముందు అభ్యర్థులు, ఒక్కోసారి వారి కుటుంబ సభ్యులు మమ్మల్ని అడిగే సందేహాలే ఇందులో ఎక్కువగా ఉన్నాయి. జవాబులు మా కేంద్రానికి మాత్రమే వర్తించేవి కావు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ, మీ ఊళ్లో ఏ కేంద్రంలో చేరాలనుకున్నా డబ్బు కట్టే ముందు వీటిని ఒకసారి చదవండి.

ఉపాధ్యాయ శిక్షణలో చేరాలంటే ముందు ఎంతకాలం సాధన ఉండాలి?

కనీసం ఏడాది పాటు, వారానికి నాలుగైదు రోజులు, ఒక గురువు కళ్లెదుట చేసిన సాధన ఉండాలని మేము కోరుతాము. ఏ చట్టమూ దీన్ని నిర్బంధించదు, కొన్ని కేంద్రాలు అసలు అనుభవమే లేనివారిని కూడా చేర్చుకుంటాయి. అయినా ఈ నియమాన్ని మేము సడలించకపోవడానికి కారణం ఉంది. సొంత శరీరంలో ఏ ఆసనం ఎక్కడ పట్టేస్తుందో, ఏ రోజు శ్వాస ఎందుకు కుదరదో అనుభవించని వ్యక్తికి, ఎదుటివారు అదే ఇబ్బంది పడుతున్నప్పుడు అది కనిపించదు. యూట్యూబ్ చూసి చేసిన సాధనను చిన్నచూపు చూడనక్కరలేదు గానీ, మీ భంగిమను మరొకరు సరిదిద్దిన అనుభవం అందులో దొరకదు. కాబట్టి అటువంటివారు ముందు మామూలు బ్యాచ్‌లో కొన్ని నెలలు చేసి, తరువాత శిక్షణకు రావడం మంచిది.

నాకు శీర్షాసనం, హనుమానాసనం వంటివి రావు. అయినా చేరవచ్చా?

నిస్సందేహంగా చేరవచ్చు. రేపు మీ తరగతికి వచ్చేవారిలో మోకాళ్ల నొప్పులున్న గృహిణులు, రిటైరైన ఉద్యోగులు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ బిగుసుకుపోయిన యువకులు ఎక్కువగా ఉంటారు. వారికి కావలసినవి తాడాసనం, మార్జాలాసనం, భుజంగాసనం, పవనముక్తాసనం వంటి సాధారణ ఆసనాలు. వాటిని ఒక్కొక్కరి శరీరానికి తగినట్టు మార్చి చెప్పగలగడమే ఉపాధ్యాయుని అసలైన నైపుణ్యం. పతంజలి యోగసూత్రాలు మొత్తం 195 (కొన్ని పాఠాల్లో 196) ఉండగా, వాటిలో నేరుగా ఆసనం గురించి చెప్పినవి రెండో అధ్యాయమైన సాధనపాదంలోని మూడు సూత్రాలు మాత్రమే. వాటిలో మొదటిది ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని చెబుతుంది. ఎంత కఠినంగా ఉండాలన్న మాట ఆ మూడింటిలోనూ లేదు.

వయసు పరిమితి ఉందా?

పై పరిమితి లేదు. యాభై దాటాక శిక్షణ పొంది చక్కగా నేర్పుతున్నవారు ఎంతోమంది ఉన్నారు. తమ వయసువారి ఇబ్బందులు తెలుసు కాబట్టి పెద్దవారి బ్యాచ్‌లకు వారే తగినవారు. చదువు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం: మీరు రాయబోయే పరీక్షకు ఏ అర్హత అడుగుతున్నారో చేరే ముందే కనుక్కోండి.

200 గంటల కోర్సు అంటారు. ఆ గంటలను ఎలా లెక్కిస్తారు?

ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు వారానికి ఐదు రోజులు, ఆదివారం మరో నాలుగు గంటలు పెట్టుకుంటే వారానికి 14 గంటలు వస్తాయి. ఆ లెక్కన కోర్సు పూర్తి కావడానికి పదిహేను వారాలు పడుతుంది. శని, ఆదివారాల్లో మాత్రమే ఐదేసి గంటలు నడిపే కేంద్రాల్లో ఇరవై వారాలు పడుతుంది. ఆశ్రమాల్లో నెలరోజుల్లో ముగించే కోర్సులో, వారాంతపు విరామాలు పోగా ఇరవై ఐదు రోజులే మిగిలితే, రోజుకు ఎనిమిది గంటలు కూర్చోవలసి ఉంటుంది. ఎవరైనా పది రోజుల్లో 200 గంటలు పూర్తి చేస్తామంటే, రోజుకు ఇరవై గంటలు నేర్పుతారా అని అడగండి. ఇంటి దగ్గర చేసే చదువును, సాధనను కూడా గంటల్లో కలుపుతున్నారా, కలిపితే ఎన్ని కలుపుతున్నారు అన్నది కూడా తెలుసుకోవాలి.

ఆ గంటలు దేనికెంత వెచ్చిస్తారన్నది కూడా ముఖ్యమే. అమెరికాకు చెందిన యోగా అలయన్స్ సంస్థ తన 200 గంటల ప్రమాణంలో ఆసన, ప్రాణాయామ, ధ్యాన సాధనకు కనీసం 75 గంటలు, శరీర నిర్మాణ, శరీరధర్మ శాస్త్రాలకు 30, యోగ చరిత్రకు, తత్త్వానికి, నీతి నియమాలకు కలిపి 30, బోధనా పద్ధతికి, వృత్తిపరమైన అంశాలకు 50 గంటలు కేటాయించింది. మిగిలిన గంటలను కేంద్రం తనకు నచ్చినట్టు సర్దుకోవచ్చు. నా అభిప్రాయంలో బోధనకు ఆ 50 గంటలు కూడా చాలవు. మిగిలే గంటలన్నీ బోధనకే ఇచ్చే కేంద్రం దొరికితే వదులుకోకండి.

ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి? ప్రభుత్వ గుర్తింపు తప్పనిసరా?

మన దేశంలో యోగా నేర్పడానికి లైసెన్సు తప్పనిసరి అనే చట్టం లేదు. అందువల్ల సర్టిఫికెట్ మీ ఉద్దేశాన్ని బట్టి ఎంచుకోవలసిన విషయం.

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో 2018లో ఏర్పడిన యోగా సర్టిఫికేషన్ బోర్డు వివిధ స్థాయిల్లో పరీక్షలు జరిపి ధ్రువపత్రాలు ఇస్తోంది. సాధారణంగా 200 గంటల శిక్షణకు సరిపోయే స్థాయిని యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ అంటారు. దానిపైన 400 గంటల స్థాయిలో యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, 800 గంటల స్థాయిలో యోగా టీచర్ అండ్ ఇవాల్యుయేటర్ ఉన్నాయి. చికిత్స వైపు వెళ్లేవారికి వేరే స్థాయిలు ఉన్నాయి. రాత పరీక్షతో పాటు ప్రయోగ పరీక్ష కూడా ఉంటుంది. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమాల్లో, పాఠశాలల్లో పని చేయాలనుకునేవారు ఈ దారి పట్టడం ఉపయోగకరం.

1999లో అమెరికాలో మొదలైన యోగా అలయన్స్ ఒక నమోదు సంస్థ. తన ప్రమాణాలకు తగిన పాఠశాలలను, అక్కడ చదివిన ఉపాధ్యాయులను నమోదు చేసుకుంటుంది. ఆర్‌వైటీ 200 (రిజిస్టర్డ్ యోగా టీచర్, 200 గంటలు) అన్న గుర్తు అక్కడినుంచి వచ్చిందే. అది ఏ ప్రభుత్వమూ ఇచ్చే అర్హత కాదు, ప్రతి అభ్యర్థిని ఆ సంస్థ స్వయంగా పరీక్షించదు కూడా. అయినా విదేశాల్లోని స్టూడియోలు ఎక్కువగా అడిగేది దీన్నే కాబట్టి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ నేర్పాలనుకునేవారికి పనికొస్తుంది. అక్కడ తరగతి నడపాలంటే బాధ్యతా బీమా కూడా అడుగుతారని గుర్తుంచుకోండి.

కళాశాలల్లో అధ్యాపకులు కావాలనుకునేవారి దారి వేరు. వారికి విశ్వవిద్యాలయ పట్టా కావాలి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగాలో ఎం.ఏ. ఉంది, బెంగళూరు దగ్గరి ఎస్‌-వ్యాస యోగా విద్యకు పేరుపొందిన డీమ్డ్ విశ్వవిద్యాలయం. కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో 2017 నుంచి యోగా ఒక సబ్జెక్టుగా ఉంది. స్టూడియోలో చేసిన 200 గంటల కోర్సు ఈ పట్టాలకు ప్రత్యామ్నాయం కాదు, అలా అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

రిషికేశ్ వెళ్లి నెలరోజులు ఉంటే మేలు కదా? ఊళ్లోనే ఎందుకు చేయాలి?

వెళ్లగలిగినవారు వెళ్లవచ్చు. ఇల్లు, వంట, ఆఫీసు అన్నీ పక్కన పెట్టి నెలంతా సాధనలోనే మునగడం అపురూపమైన అవకాశం. ముంగేర్‌లోని బిహార్ యోగ విద్యాలయం, 1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో స్థాపించిన కైవల్యధామ, 1918లో శ్రీ యోగేంద్ర ముంబయిలో నెలకొల్పిన ద యోగా ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలకు దశాబ్దాల సంప్రదాయం ఉంది, వాటి విలువను ఎవరూ కాదనలేరు.

అయితే నెలరోజుల కోర్సులో మీ ఎదుట కూర్చునే విద్యార్థులు మీలాంటి శిక్షణార్థులే. అందరూ ఆరోగ్యవంతులు, అందరికీ ఆసనాల పేర్లు తెలుసు, మీరు సగం మాట చెప్పేసరికి మిగతా సగం వారే చేసేస్తారు. మన ఊరి కేంద్రంలో అలా జరగదు. ఉదయం ఆరు గంటల బ్యాచ్‌కు బీపీ మాత్ర వేసుకుని వచ్చే పెద్దమనిషి, ప్రసవం అయి ఆరు నెలలైన తల్లి, కింద కూర్చోవడానికే భయపడే బ్యాంకు ఉద్యోగి మీ ముందు ఉంటారు. నాలుగైదు నెలల పాటు వారినే మళ్లీ మళ్లీ చూస్తారు కాబట్టి, మీరు చెప్పిన సవరణ పనిచేసిందో లేదో మీ కళ్లతో మీరే తెలుసుకుంటారు. స్థానిక శిక్షణను నేను ఇంత గట్టిగా సమర్థించడానికి ఇదే కారణం. అలా నిజమైన తరగతిలోకి శిక్షణార్థులను పంపని కేంద్రం ఎంత దగ్గర్లో ఉన్నా ప్రయోజనం లేదు.

బోధనాభ్యాసం ఎలా జరుగుతుంది?

శిక్షణలో అతి ముఖ్యమైన భాగం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి వారాల్లో శిక్షణార్థి ఏమీ నేర్పడు, గోడ పక్కన నిలబడి చూస్తాడు. తాడాసనంలో నిలబడిన వ్యక్తిని పాదాల నుంచి పైకి చూడడం అలవాటు చేసుకుంటాడు: బరువు మడమల మీద ఉందా, ముందుకు ఉందా, మోకాళ్లు వెనక్కి బిగుసుకున్నాయా, నడుము అతిగా వంగిందా, భుజాలు చెవుల దగ్గరికి లేచాయా, ఊపిరి బిగబట్టారా. చూసినదాన్ని పుస్తకంలో రాయమంటాము. మొదట్లో అందరూ 'బాగా చేశారు' అనో 'వంగలేకపోయారు' అనో రాస్తారు. రెండు మూడు వారాలకు 'కుడి పాదం బయటికి తిరిగింది, అందుకే కుడి తుంటి పైకి లేచింది' అని రాయడం మొదలవుతుంది. ఆ మాట రాసిన రోజున శిక్షణార్థి ఉపాధ్యాయుడు కావడం మొదలుపెట్టాడని మేము భావిస్తాము.

తరువాత పది నిమిషాల పాఠం ఇస్తాము. ఒక్క ఆసనం, ముగ్గురు విద్యార్థులు. ఉదాహరణకు పశ్చిమోత్తానాసనం తీసుకోండి. కొత్త ఉపాధ్యాయులు సాధారణంగా 'ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకోండి' అంటారు. ఆ మాట వినగానే తొడ వెనుక కండరాలు బిగుసుకున్న వ్యక్తి తుంటి దగ్గర వంగలేక, వీపును గుండ్రంగా వంచి, మెడ చాచి, ఎలాగో వేళ్లు అందుకుంటాడు. భారమంతా నడుము దగ్గరి డిస్కుల మీద పడుతుంది. శిక్షణార్థి అప్పుడు చేయవలసింది వేళ్ల మాట మరిచిపోయి, ఒక దుప్పటిని మడిచి పిరుదుల కింద వేయించడం, మోకాళ్లను కొద్దిగా వంచమనడం, తుంటి దగ్గర నుంచి ముందుకు వాలమనడం. చేతులు మోకాళ్ల దగ్గరే ఆగినా ఫరవాలేదని పైకి చెప్పడం. ఇదంతా పుస్తకంలో చదివితే అర నిమిషం పడుతుంది, ఎదుట మనిషి ఇబ్బంది పడుతుంటే చూసి సమయానికి చెప్పగలగడానికి వారాలు పడుతుంది.

ఇంకో చిక్కు కుడి ఎడమలది. విద్యార్థులకు ఎదురుగా నిలబడి చేసి చూపేటప్పుడు, 'కుడి చేయి పైకి ఎత్తండి' అంటూ ఉపాధ్యాయుడు తన ఎడమ చేయి ఎత్తాలి, అప్పుడే వారికి అద్దంలో చూసినట్టు అర్థమవుతుంది. త్రికోణాసనంలో, వీరభద్రాసనంలో కాళ్లు, చేతులు, చూపు మూడూ కలిపి ఇలా తిప్పి చెప్పడం మొదట్లో అందరినీ తికమక పెడుతుంది. అందుకే ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి, పైకి మాట్లాడుతూ అభ్యాసం చేయమని చెబుతాము.

చివరి దశలో పూర్తి గంట తరగతి నడపాలి. వెనుక కూర్చున్న గురువు మధ్యలో కల్పించుకోరు, తరగతి ముగిశాక ఒక్కొక్కటిగా చర్చిస్తారు. చేరే ముందు మీరు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది: గురువు చూస్తుండగా, బయటి విద్యార్థులకు, నేను స్వయంగా ఎన్ని తరగతులు నడుపుతాను? దీనికి స్పష్టమైన సంఖ్య చెప్పలేని కేంద్రంలో చేరవద్దని నా సలహా.

సంస్కృతం రావాలా? బోధన ఏ భాషలో ఉంటుంది?

సంస్కృతం రానవసరం లేదు. ఆసనాల పేర్లు, కొన్ని సూత్రాలు, ప్రార్థనా శ్లోకాలు సరైన ఉచ్చారణతో నేర్చుకుంటే చాలు, తెలుగు మాట్లాడేవారికి అది కష్టం కాదు. తరగతులు చాలా కేంద్రాల్లో తెలుగులోనే జరుగుతాయి, శరీర నిర్మాణ శాస్త్రంలో మాత్రం ఇంగ్లిష్ పదాలు ఎక్కువగా వస్తాయి.

మీరు రేపు తెలుగులోనే నేర్పబోతున్నట్లయితే ఆదేశాలను తెలుగులోనే సాధన చేయండి. 'శ్వాస తీసుకుంటూ చేతులు పైకి, వదులుతూ ముందుకు' అన్న చిన్న వాక్యం సరైన వేగంతో, శ్వాసకు ముందు కాకుండా వెనుక కాకుండా రావాలి. 'ఇన్‌హేల్, ఎగ్జేల్' అని అలవాటైన నోటికి పెద్దవారి బ్యాచ్‌లో తెలుగు వెతుక్కోవలసి వస్తుంది. హైదరాబాద్‌లోని ఐటీ సంస్థల్లో నేర్పాలనుకునేవారికి ఇంగ్లిష్, హిందీ కూడా అవసరమవుతాయి.

శరీర నిర్మాణ శాస్త్రం ఎంత లోతుగా ఉంటుంది? నేను సైన్స్ చదవలేదు.

పదో తరగతి జీవశాస్త్రం గుర్తున్నవారికి ఇబ్బంది ఉండదు. వెన్నెముకలోని మెడ భాగంలో 7, ఛాతీ భాగంలో 12, నడుము భాగంలో 5 పూసలు ఉంటాయని నేర్చుకోవడం మొదటి మెట్టు. మెలితిరిగే ఆసనాల్లో నడుము పూసలు కొద్దిగానే తిరుగుతాయి కాబట్టి, అర్ధమత్స్యేంద్రాసనంలో బలవంతంగా నడుము తిప్పించకూడదని తెలియడం రెండో మెట్టు. మాకు కావలసింది ఆ రెండోది. వృక్షాసనంలో పాదాన్ని మోకాలి పక్కన ఎందుకు ఆనించకూడదు, సర్వాంగాసనంలో ఉన్నప్పుడు తల ఎందుకు తిప్పకూడదు, భుజంగాసనంలో మోచేతులు ఎందుకు శరీరానికి దగ్గరగా ఉండాలి అన్నవి ఎముకలు, కీళ్లు, కండరాల బొమ్మ ముందు పెట్టుకుని నేర్చుకుంటారు.

ప్రాణాయామం, క్రియలు కూడా నేర్పుతారా?

నేర్పుతారు, నెమ్మదిగా. నాడీశోధన, భ్రామరి, ఉజ్జాయి మొదట వస్తాయి, కుంభకం (శ్వాసను ఆపి ఉంచడం) చాలా తరువాత. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా వశపరచుకున్నట్టే ప్రాణాన్ని వశపరచుకోవాలని, లేకపోతే అది సాధకుడినే దెబ్బతీస్తుందని హెచ్చరించాడు. ఆ గ్రంథం కపాలభాతిని ప్రాణాయామాల్లో కాకుండా ఆరు శుద్ధి క్రియల్లో చేర్చిందన్న సంగతి కూడా గమనించదగినది. టీవీల్లో చూసి అందరిచేత వందల సంఖ్యలో కపాలభాతి చేయించే అలవాటు మన దగ్గర బాగా వ్యాపించింది. గర్భిణులకు, అధిక రక్తపోటు అదుపులో లేనివారికి, హెర్నియా ఉన్నవారికి, ఈ మధ్యే పొట్ట ఆపరేషన్ అయినవారికి దాన్ని చేయించకూడదు. ముక్కును నీటితో శుభ్రం చేసే జలనేతికి కాచి చల్లార్చిన నీటినే వాడాలి. కుళాయి నీరు నేరుగా వాడవద్దని మొదటి రోజే చెబుతాము.

నాకు నడుము నొప్పి ఉంది, లేదా నెలసరి, గర్భం వంటి పరిస్థితులు వస్తే శిక్షణ ఆపేయాలా?

ఆపనక్కరలేదు, దాచనూ వద్దు. స్లిప్ డిస్క్, సయాటికా, గ్లాకోమా, గుండె సమస్యలు, పాత ఆపరేషన్లు ఏవైనా ఉంటే దరఖాస్తులోనే రాయండి, అవసరమైతే డాక్టరు సలహా తీసుకుని రండి. గ్లాకోమా ఉన్నవారు తలకిందులయ్యే ఆసనాలకు దూరంగా ఉండాలి. నెలసరి రోజుల్లో ఎవరికి వారు తమ శరీరం చెప్పినట్టు సాధన తగ్గించుకోవచ్చు, ఆ రోజుల్లో తరగతి వినడం, గమనించడం సాగుతాయి. గర్భం నిర్ధారణ అయితే డాక్టరు అనుమతితో సిద్ధాంత భాగం పూర్తి చేసి, సాధనా భాగాన్ని తదుపరి బ్యాచ్‌తో చేసే వీలు ఉందో లేదో కేంద్రాన్ని అడగండి. ఆ వీలు రాతపూర్వకంగా ఉంటే మంచిది.

భంగిమను సరిదిద్దడానికి గురువు తాకడం అవసరమా?

చాలా సందర్భాల్లో అవసరం లేదు. నోటితో చెప్పడం, చేసి చూపడం, దుప్పటి, బెల్టు, గోడ, కుర్చీ ఉపయోగించడం వీటితోనే నూటికి తొంభై పాళ్లు సరిదిద్దవచ్చని నా నమ్మకం. తాకవలసి వస్తే ముందు అడగాలి, అడిగిన ప్రతిసారీ వద్దనే హక్కు విద్యార్థికి ఉంటుంది, కారణం చెప్పనక్కరలేదు. వెనుక నుంచి వచ్చి చెప్పకుండా నెట్టడం, శవాసనంలో కళ్లు మూసుకున్నప్పుడు తాకడం ఏ సంప్రదాయం పేరుతో చేసినా ఒప్పుకోవద్దు. మహిళా శిక్షణార్థులు కేంద్రంలో ఫిర్యాదు ఎవరికి చేయాలో మొదటే తెలుసుకోవాలి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న సంస్థల విషయంలో జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఈ విషయం అడిగితే ముఖం చిట్లించే కేంద్రాన్ని వదిలేయండి.

మేము వేరే మతానికి చెందినవారం. ఓంకారం, శ్లోకాలు తప్పనిసరా?

యోగా మూలాలు భారతీయ తత్త్వంలో ఉన్నాయి కాబట్టి, యమ నియమాలు, సాంఖ్య భావనలు, సూత్రాలు పాఠ్యాంశంగా అందరూ చదవవలసిందే. పఠించడం మాత్రం ఎవరి ఇష్టం వారిది. ఇతరులు శ్లోకం చెబుతున్నప్పుడు మౌనంగా కూర్చునేవారికి మా బ్యాచ్‌లలో ఎన్నడూ లోటు జరగలేదు.

పూర్తిగా ఆన్‌లైన్‌లో చేస్తే సరిపోతుందా?

తత్త్వం, శరీర శాస్త్రం ఆన్‌లైన్‌లో వినవచ్చు. ఉద్యోగం చేసేవారికి, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవారికి అది సౌకర్యం కూడా. కానీ బోధనాభ్యాసం తెర మీద జరిగితే, మీరు పై భాగం మాత్రమే కనిపించే మనుషులకు నేర్పడమే నేర్చుకుంటారు. కాబట్టి కనీసం ఆ భాగమైనా ప్రత్యక్షంగా ఉండే కోర్సు ఎంచుకోండి.

యోగా దినోత్సవం కోసం కామన్ యోగా ప్రోటోకాల్ నేర్చుకున్నాను. అది చాలదా?

2015 నుంచి ఏటా జూన్ 21న చేసే 45 నిమిషాల ప్రోటోకాల్ చక్కని ప్రవేశిక. 2025లో జాతీయ కార్యక్రమం విశాఖపట్నం సముద్రతీరంలో జరిగినప్పుడు, దానికి ముందు సాగిన యోగాంధ్ర కార్యక్రమాల్లో ఎంతోమంది దాన్ని నేర్చుకుని, తమ వీధిలో, కార్యాలయంలో ఇతరులచేత చేయించారు. ఆ ఉత్సాహం నిజంగా సంతోషించదగినది. అయితే నిర్ణీత క్రమాన్ని అందరిచేత ఒకేలా చేయించడం వేరు, ఎదుటి మనిషిని చూసి ఆ క్రమాన్ని మార్చడం వేరు. ఉపాధ్యాయ శిక్షణ రెండోదాని కోసం.

శిక్షణ పూర్తయ్యాక షుగర్, థైరాయిడ్ వంటివాటికి చికిత్స చేయవచ్చా?

చేయకూడదు. 200 గంటల శిక్షణ పొందినవారు సాధన నేర్పవచ్చు, అది ఆరోగ్యానికి తోడ్పడుతుందని చెప్పవచ్చు. 'షుగర్ పూర్తిగా తగ్గిస్తాం' అని బోర్డు పెట్టడం, మందులు ఆపమని చెప్పడం ప్రమాదకరం, అనైతికం. చికిత్సలో ఆసక్తి ఉంటే దానికి తగిన చదువు ఉంది. ప్రకృతి వైద్యం, యోగ విజ్ఞానంలో బీఎన్‌వైఎస్ అనే ఐదున్నరేళ్ల పట్టా కోర్సును హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల నడుపుతోంది. మీ తరగతికి వచ్చే వ్యక్తి మందులు వాడుతుంటే, మీ పని వారి డాక్టరు చెప్పిన పరిమితులు తెలుసుకుని, వాటి లోపల సాధన చేయించడం.

ఫీజు ఎంత ఉంటుంది? కట్టే ముందు ఏమి చూడాలి?

కేంద్రాన్ని బట్టి, నగరాన్ని బట్టి ఎంతో తేడా ఉంటుంది, కాబట్టి ఇక్కడ అంకె చెప్పడం సబబు కాదు. చెప్పిన మొత్తంలో జీఎస్‌టీ, పుస్తకాలు, పరీక్ష రుసుము, నమోదు రుసుము కలిసి ఉన్నాయా అని అడగండి. కోర్సు పేరుతో ఒక సంస్థ పేరు జోడించి ఉంటే, ఆ సంస్థ జాబితాలో ఈ కేంద్రం నిజంగా ఉందో లేదో మీరే వెబ్‌సైట్‌లో చూసుకోండి. గోడకు వేలాడే సర్టిఫికెట్ పటాన్ని నమ్మవద్దు. మధ్యలో మానేయవలసి వస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే ఒక వారం మామూలు బ్యాచ్‌లో చేరి, గురువు తరగతిని ఎలా నడుపుతారో, వెనుక వరుసలోని వ్యక్తిని ఎప్పుడైనా గమనిస్తారో లేదో చూడండి. ప్రకటనలన్నీ చదివినా తెలియనిది ఆ వారంలో తెలుస్తుంది.

దీని మీద బతకగలమా?

మొదటి ఏడాదే ఉద్యోగం మానేసి దీని మీద ఆధారపడమని ఎవరికీ చెప్పను. స్టూడియోలు సాధారణంగా తరగతికి ఇంత అని ఇస్తాయి. అపార్ట్‌మెంట్ బ్యాచ్‌లలో ఒక్కొక్కరి నుంచి నెలవారీ ఫీజు వస్తుంది, పరీక్షలు, పండుగలు, వేసవి సెలవుల్లో హాజరు పడిపోతుంది కాబట్టి ఆదాయం నిలకడగా ఉండదు. ఇంటికి వెళ్లి చెప్పే పాఠాలకు ఎక్కువ ఇస్తారు గానీ, ప్రయాణానికి పోయే సమయాన్ని కూడా లెక్క వేసుకోవాలి. కార్పొరేట్ సంస్థలు, పాఠశాలలు సర్టిఫికెట్‌తో పాటు అనుభవం అడుగుతాయి. పనివేళలు తెల్లవారుజామున, సాయంత్రం ఉంటాయి, మధ్యలో ఖాళీ. ఇంటి బాధ్యతలున్న మహిళల్లో కొందరికి ఇది కలిసివస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ఉదయం ఐదున్నరకు బయలుదేరడం కష్టమవుతుంది. ఇంటివాళ్లతో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

సర్టిఫికెట్ వచ్చాక వెంటనే సొంత కేంద్రం పెట్టవచ్చా?

పెట్టవచ్చు, అడ్డు చెప్పేవారు లేరు. అయినా కనీసం ఒక ఏడాది మరో ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, వేర్వేరు వయసుల బ్యాచ్‌లకు నేర్పాక పెట్టడం మంచిది. ఆ ఏడాదిలో వారానికి ఒక్కరోజైనా మీరే విద్యార్థిగా మరొకరి తరగతిలో కూర్చోండి. కేంద్రం తెరిచాక చేరిన ప్రతి ఒక్కరి ఆరోగ్య వివరాలు రాసుకునే ఫారం, ప్రథమ చికిత్స పెట్టె, దగ్గర్లోని ఆసుపత్రి ఫోన్ నంబరు మొదటి రోజు నుంచే ఉండాలి. మొదటి బ్యాచ్‌లో పదీ పన్నెండు మందికి మించి తీసుకోకండి. అంతకు మించితే వెనుక వరుసలో ఊపిరి బిగబట్టినవారు కొత్త ఉపాధ్యాయుని కంటికి కనిపించరు.